నాకోసం దింపిన బొండాలు

మొన్న వానలు పట్టుకున్న వారంలోనే మా వీధిలోకి మైకు కట్టిన ఆటో ఒకటి వచ్చింది. రికార్డు చేసిన ఆడగొంతు, పాఠం అప్పజెబుతున్నట్టు, ఇంటి చుట్టుపక్కల నీరు నిలవ ఉంచకండి, కూలర్లు, పూలకుండీలు, పాత టైర్లు, తాగి పడేసిన కొబ్బరి బొండాలు అంటూ చదువుకుంటూ పోతోంది. వరండాలో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నదాన్ని కాయ చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాను. పక్కవాటా ఆవిడ చూసి, "ఏంటండీ, అలా అయిపోయేరు?" అంది. ఏం చెప్పను? ఆ ఆఖరి మాట దగ్గర మా వదిన ఉందండీ అని చెప్పనా? "ఏం లేదండీ, కాయలు ముదిరిపోయాయి" అన్నాను. ఇన్నేళ్ళుగా ఏవేవో రాశాను, ఊరి కాలవల గురించీ, మా మామ్మ చుట్ట పొగ గురించీ కూడా రాశాను. వదిన గురించి మాత్రం ఒక్క ముక్క రాయలేదు. అన్నయ్య ఉన్నంతకాలం రాయకూడదనుకున్నాను, అబ్బులు ఉన్నంతకాలం అసలే కూడదనుకున్నాను. అబ్బులు ఎప్పుడో పోయాడు. అన్నయ్య కిందటేడు పోయాడు. ఇక ఈ సంగతి చదివి నొచ్చుకునేవాళ్ళెవరూ మిగల్లేదు, నేను తప్ప.

మాది కొత్తపేట దగ్గర ఊరు. ఇంటి ముందు చేలు, వెనక కొబ్బరితోట. అమ్మ నా చిన్నప్పుడే పోతే నాన్నగారూ, మామ్మా, అన్నయ్యా, నేనూ మిగిలాం. మా ఇంట్లో మాటలు తక్కువ. నాన్నగారు అవసరమైతే తప్ప నోరు విప్పరు, అన్నయ్య అవసరమైనా విప్పడు. అలాంటి ఇంట్లోకి ఐ.పోలవరం నుంచి సుభద్ర వదిన వచ్చింది. గట్టిగా నవ్వేది. ఆ నవ్వు వంటింట్లో మొదలైతే వీధి చివర కిళ్ళీకొట్టు దాకా వినపడేది. "ఓసి నీ దుంప తెగ, మెల్లిగా నవ్వవే, మగాళ్ళు కూచున్నారు" అని మామ్మ కసిరేది. "మరి మెల్లిగా నవ్వాలంటే మెల్లిగా నవ్వే సంగతి చెప్పాలి కదండీ మీరు" అనేది వదిన. మామ్మ చుట్ట నోట్లోంచి తీసి తనే నవ్వేసేది.

నాకు అప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. పొద్దున్నే నా జడ వదినే వేసేది. నేను కదిలితే నెత్తిన దువ్వెనతో ఒకటి వేసి, "ఏవండోయ్ ఆడపడుచుగారూ, తమరు కాస్త నిలబడతారా, లేకపోతే ఈ జుట్టుని ఇలాగే జడలు కట్టించుకుని హిమాలయాలకి దయచేస్తారా?" అనేది. కొబ్బరినూనె, మెంతులు, ఆవిడ చేతికున్న ఉల్లిపాయల వాసన, ఆ మూడూ కలిస్తే నాకిప్పటికీ ఉదయం. తనూ ఇంటర్ దాకా చదివి పెళ్ళితో ఆపేసింది. మా ఇంటికి వచ్చాక అన్నయ్యని సాధించి బి.ఏ.కి ప్రైవేటుగా కట్టింది. పంతులమ్మ కావాలని ఆవిడ కోరిక. మామ్మకి ఆ కోరిక నచ్చలేదు గానీ, కోడలు పిల్లలకి పాఠాలు చెబుతుంటే ఆ నవ్వు బడి పైకప్పు లేపేస్తుందని తనే నలుగురికీ చెప్పి మురిసిపోయేది.

మధ్యాహ్నాలు పని అయిపోయాక మేమిద్దరం వెనక వసారాలో చాప పరుచుకుని చదువుకునేవాళ్ళం. అక్కణ్ణుంచి పశువుల పాక పది అడుగులు ఉంటుందేమో. పేడ వాసన, తడిసిన కొబ్బరి పీచు వాసన, పైనుంచి చూరు నీళ్ళు. కాళ్ళకి నల్లటి దోమలు కుట్టేవి, కాళ్ళ మీద తెల్లటి మచ్చలున్నవి. పుస్తకంలోంచి తల ఎత్తకుండానే టపీమని కొట్టుకునేవాళ్ళం. రాత్రి దోమలంటే మా ఇంట్లో అందరికీ భయమే. పొద్దుగూకేసరికి మామ్మ పీచూ వేపాకూ కుంపట్లో వేసి ఇల్లంతా పొగబెట్టేది, దోమతెర అంచులు పరుపు కిందికి మడిచిందాకా ఎవర్నీ పడుకోనిచ్చేది కాదు. పగటి దోమని మాత్రం ఎవరూ ఖాతరు చెయ్యలేదు. మలేరియా దోమ రాత్రిదే కదా, ఇది ఉత్త దురద దోమ అనుకున్నాం.

ఆ ఏడు వానలకి నాకు జ్వరం తగులుకుంది. జ్వరమంటే అలాంటి ఇలాంటి జ్వరం కాదు. కళ్ళ వెనకాల ఎవరో వేళ్ళు పెట్టి నొక్కుతున్నట్టు ఉండేది. ఎముక ఎముకా విడగొట్టినట్టు నొప్పి, పక్క మీద ఇటునుంచి అటు తిరగాలంటే ఏడుపొచ్చేది. ఊళ్ళో ఆర్.ఎం.పి. డాక్టరు గారు వచ్చి నాలుక చూసి, ఇంజక్షన్ చేసి, "విషజ్వరాలండి, అన్ని ఊళ్ళలోనూ ఉన్నాయి, ఒళ్ళు కాలినన్నాళ్ళు కాలి అదే పోద్ది" అని చెప్పి వెళ్ళారు. అన్నం చూస్తే వాంతి. మంచినీళ్ళు చేదు. కొబ్బరినీళ్ళు ఒక్కటే గొంతు దిగేవి.

ఆ మాట వీధిలోకి వెళ్ళింది. మా వైపు జబ్బు మనిషిని చూడ్డానికి పళ్ళ సంచులతో వెళ్ళడం లేదు అప్పట్లో. బొండాలతో వెళతారు. ఎవరి పెరట్లో ఏ చెట్టు నీళ్ళు తియ్యగా ఉంటాయో వీధంతటికీ తెలుసు, జబ్బు మనిషికి ఆ చెట్టువే దింపుతారు. అందరికంటే ఎక్కువ తెచ్చింది అబ్బులు. అబ్బులు మా తోటలో కాయ దింపేవాడు, నన్ను భుజాన ఎక్కించుకుని కాలవగట్టు మీద తిప్పిన మనిషి. రోజూ పొద్దున్నే తడితడిగా గెల ఒకటి భుజాన వేసుకుని వచ్చి, "అమ్మాయిగారికి ఎలాగుందండి?" అని వాకిట్లోంచి అడిగేవాడు. "అలాగే ఉందిరా అబ్బులూ" అని మామ్మ అంటే, "అయితే ఇయ్యి పట్టించండి, గంగబొండాలండి, జరం దిగిపోద్ది, ఆయ్" అనేవాడు. వదిన కత్తితో నెత్తి కొట్టి, గ్లాసులోకి వంచి, నా తల ఒళ్ళో పెట్టుకుని చెంచాతో పట్టించేది. ఒక్కో చెంచాకీ ఒక్కో బెదిరింపు. "తాగకపోతే మీ అన్నయ్య చేత పాట పాడిస్తాను చూడు."

ఇక్కడ ఒక్క సంగతి చెప్పాలి. మామూలుగా మేం బొండాం తాగాక దాన్ని రెండు చెక్కలు చేసి లోపలి మీగడ లాంటి లేత కొబ్బరి గీరుకుని తింటాం. చెక్కలు బోర్లా పడి ఎండి పొయ్యిలోకి పోతాయి. కానీ జ్వరం మనిషికి లేత కొబ్బరి కూడదు, కఫం చేస్తుందని మామ్మ శాసనం. జ్వరం మనిషి పేరు మీద వచ్చిన బొండాంలో కొబ్బరి మిగతావాళ్ళు తింటే మంచిది కాదని మరో పట్టింపు. అందుకని నా బొండాల్ని ఎవరూ చీల్చలేదు. నెత్తిన కన్నంతో, ఖాళీ చెంబుల్లా, పశువుల పాక గోడ వారన వరసగా నిలబెట్టారు. వానలు వెలిశాక ఎండితే వంటచెరుక్కి వస్తాయి కదా. ఆ ఏడు వానలు వెలవలేదు. వీధి వీధంతా నా మీద ప్రేమకొద్దీ తెచ్చిన బొండాలన్నిటిలోనూ మెల్లమెల్లగా వాననీళ్ళు నిండాయి.

నాకు జ్వరం విడిచింది. ఒంటి మీద ఎర్రటి దద్దు లేచి, దురదపెట్టి, అదీ పోయింది. జ్వరం విడవడమంటే మా ఇంట్లో చిన్న పండగ. వేపాకు వేసి కాచిన నీళ్ళతో స్నానం చేయించి, పాతబియ్యం మెత్తగా వండి, బీరకాయ కూరా, మిరియాల చారూ, నేతి చుక్కా వేసి పథ్యం పెడతారు. నాన్నగారు కూడా పక్కన పీట వేసుకుని కూర్చుని నేను తింటుంటే చూశారు. వదిన ముద్ద ముద్దకీ దిష్టి తీసింది. "బతికిపోయావే భానూ. ఇంక నాకు చాకిరీ తప్పింది" అని, పెరట్లోకి పోయి మొహం కడుక్కుని వచ్చింది. ఏడ్చిందని కళ్ళు చూస్తే తెలిసింది. నేను ఏడిపించాను కూడా.

నేను తిరిగి కాలేజీకి వెళ్ళడం మొదలుపెట్టిన కొద్దిరోజులకే వదిన పడింది. అదే జ్వరం, అవే కళ్ళ వెనక నొప్పులు. మాకు ఎవరికీ పెద్ద భయం వెయ్యలేదు. ఆ మాట తలుచుకుంటేనే నాకు ఒళ్ళు మండిపోతుంది. దారి తెలిసిన జబ్బే కదా అనుకున్నాం. పదిహేనేళ్ళ పీచుపిల్ల తట్టుకుంది, ఇంత పుష్టిగా ఉన్న మనిషి తట్టుకోదా? వదిన కూడా అలాగే అంది. "నీ జబ్బు నాకు అంటించావే రాక్షసీ. తగ్గనీ, గోంగూర రొయ్యలు వండించుకుని నీకు పెట్టకుండా తింటాను." పుస్తకం తలగడ కింద పెట్టుకుని, నన్ను చదివి వినిపించమనేది. నేను చదువుతుంటే కళ్ళు మూసుకుని, తప్పు చదివితే మాత్రం తెరిచేది. ఆ రోజుల్లో వాన కుండపోత. అబ్బులు ఒక్కసారి వచ్చి రెండు బొండాలు ఇచ్చి, "చెట్టు పాచి పట్టి జారిపోతాందండి" అని నొచ్చుకుంటూ వెళ్ళాడు.

ఒకరోజు పొద్దున్నే మామ్మ వదిన నుదురు ముట్టుకుని గట్టిగా అరిచింది. "విడిచిందే తల్లీ! జ్వరం విడిచిందే! ఒళ్ళు చల్లగా ఉంది, చూడరా!" అన్నయ్య పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకు చూశాడు. అందరి ముందూ పెళ్ళాం చెయ్యి పట్టుకోవడం నేను చూసింది అదే మొదలు. నాన్నగారు దేవుడి గూటి దగ్గరికి వెళ్ళి దీపం వత్తి సరిచేశారు. మామ్మ పాతబియ్యం కడిగింది. వేపాకు నీళ్ళు పొయ్యిమీద పెట్టింది. పెరట్లో బీరపాదు కాయ తనే వంగి కోసింది, నడుం నొప్పి కూడా మర్చిపోయి. ఇంట్లో మళ్ళీ మిరియాల చారు వాసన వచ్చింది. ఇప్పటికీ ఎవరింట్లోనైనా ఆ వాసన వస్తే నేను బయటికి వచ్చేస్తాను.

ఒళ్ళు చల్లబడిందని సంతోషించాం. ఎంత చల్లబడిందో చూడలేదు. పాదాలు మంచులా ఉన్నాయని నేనే అన్నాను, "వానాకాలం కదే" అంది మామ్మ. వదిన కడుపులో నొప్పి అంది. "ఇన్నాళ్ళూ ఖాళీగా ఉన్న కడుపు, పేగులు మాడిపోవూ? రెండు ముద్దలు పడితే అదే సర్దుకుంటుంది." పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం వచ్చింది. "పుల్ల గుచ్చుకుని ఉంటుంది." దేనికదే జవాబు ఉంది మా దగ్గర. ఒక్కటీ అబద్ధం కాదు, ఎన్నో జ్వరాలు చూసిన మనుషులు చెప్పే మాటలే. ఈ జ్వరం మాత్రం వాళ్ళు చూసిన జ్వరం కాదు. ఇది విడిచినప్పుడే పట్టుకునే జ్వరమని మాలో ఎవరికి తెలుసు?

పీట మీద కూర్చోబెట్టాం. మామ్మ ముద్ద కలిపి నోటికి అందించింది. మామ్మ కోసం రెండు ముద్దలు మింగింది వదిన. మూడో ముద్ద దగ్గర, "అత్తయ్యగారూ, వద్దండి, కళ్ళు తిరుగుతున్నాయండి" అంది. మామ్మని ఆవిడ ఎప్పుడూ అత్తయ్యగారనే పిలిచేది, మా అమ్మ స్థానంలో చూసుకుని. ఆ మాట అని పక్కనున్న నా మీదికి ఒరిగిపోయింది. ఎంత బరువుగా ఒరిగిందో నా భుజానికి ఇప్పటికీ తెలుసు. ఒళ్ళంతా చల్లటి చెమట. ముంజేతుల మీద సూదులు గుచ్చినట్టు ఎర్రటి చుక్కలు. తిన్న ముద్దలు కక్కేసింది, వాటితో పాటు కాఫీ మడ్డిలా నల్లగా ఏదో వచ్చింది. మామ్మ "ఇదేంటమ్మా, ఇదేంటి" అంటూ ఉండిపోయింది.

కొత్తపేట నుంచి కారు మాట్లాడి అన్నయ్యా, నాన్నగారూ అమలాపురం తీసుకెళ్ళారు. అక్కడ డాక్టరు గారు చేతులు చూసి, నాడి చూసి, "జ్వరం తగ్గి ఎంతసేపైందండి?" అని అడిగారట. అదేం ప్రశ్నో నాన్నగారికి అర్థం కాలేదు. జ్వరం ఎంత ఉందని అడగాలి గానీ, తగ్గి ఎంతసేపైందేమిటి? రక్తం పరీక్షకి తీసి, సెలైన్ పెట్టి, ఇక్కడ లాభం లేదు, వెంటనే కాకినాడ తీసుకెళ్ళండి అన్నారట. అప్పటికి ఎదుర్లంక దగ్గర గోదావరి మీద వంతెన లేదు. పంటు మీద కారు ఎక్కించి దాటాలి.

ఇంట్లో మామ్మా నేనూ ఉన్నాం. మామ్మ వదిన కంచం కడిగి బోర్లించింది, మళ్ళీ తీసి మళ్ళీ కడిగింది. నాతో ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంది. కాకినాడ పెద్దాసుపత్రిలో మా ఊరి కాంపౌండరు ఒకడున్నాడనీ, సుభద్రని చక్కగా చూస్తాడనీ, నాలుగు రోజులు ఉంచి పంపుతారనీ, తను బస్సెక్కి వెళ్ళి చూసొస్తాననీ. అంతలో వీధిలో కారు చప్పుడైంది. కాకినాడ వెళ్ళిన కారు అంత తొందరగా తిరిగి రాదు. ఆ సంగతి మామ్మకీ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం లేవలేదు. రేవులో పంటు అవతలి ఒడ్డున ఉందట. అది ఇవతలికి వచ్చేలోగా వదిన వెళ్ళిపోయింది. అన్నయ్య ఒళ్ళో, నీళ్ళ వైపు చూస్తూ. ఆఖర్న ఏమైనా అందా అని నేను అన్నయ్యని ఒకే ఒక్కసారి అడిగాను. "దాహం అంది" అన్నాడు. మళ్ళీ అడగలేదు.

అమలాపురం డాక్టరు గారు చెప్పిన డెంగీ అన్న మాట మా ఊరికి నాన్నగారి నోట వచ్చింది. కొద్దిరోజులకి మలేరియా ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. ఇల్లంతా తిరిగి, పాక దగ్గరికి వెళ్ళి, గోడ వారనున్న బొండాం ఒకటి తీసి పళ్ళెంలోకి ఒంపారు. నీళ్ళలో సన్నటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. ఇంకొకటి ఒంపితే అందులోనూ అవే. పగలు కుట్టే దోమే ఈ జబ్బు మోస్తుందనీ, జ్వరం మనిషిని కుట్టిన దోమ మళ్ళీ ఇంకొకర్ని కుడితే జబ్బు వాళ్ళకి ఎక్కుతుందనీ, అది గుడ్లు పెట్టేది మంచినీళ్ళలోనేననీ చెప్పారు. "ఇన్ని బొండాలు ఎందుకున్నాయండీ?" అని అడిగారు. మామ్మ అక్కడే మట్టిలో చతికిలబడింది. నాకోసం వచ్చిన బొండాంలో పుట్టిన దోమ, జ్వరంలో ఉన్న నన్ను కుట్టి, మళ్ళీ నా పక్కన కూర్చుని చదువుకునే మనిషిని... అలా జరిగిందని ఎవరూ రుజువు చెయ్యలేరు. గుండిగల్లో లేవా నీళ్ళు, ఇంకొకరి పెరట్లో లేవా? ఎన్నిసార్లు నాకు నేను ఇలా చెప్పుకున్నానో. నమ్మడం మాత్రం నావల్ల కాలేదు.

వాళ్ళు వెళ్ళాక నాన్నగారు మమ్మల్ని ముగ్గుర్నీ లోపలికి పిలిచి తలుపు వేశారు. "తాగిన బొండాలు చీల్చి బోర్లించాలని వీధిలో అందరికీ నేనే చెప్తాను. ప్రభుత్వం వాళ్ళు చెప్పేరని చెప్తాను. మనింట్లో వాటిల్లో పురుగులు దొరికేయన్న మాట మాత్రం ఈ గుమ్మం దాటకూడదు. వాళ్ళు ప్రేమతో తెచ్చేరు. అబ్బులుకి తెలిస్తే బతకడు." అన్నయ్య తల ఊపాడు. కత్తి పుచ్చుకుని పాక దగ్గరికి వెళ్ళి ఒక్కడే బొండాలన్నీ చీల్చాడు. ఆ చప్పుడు వింటూ నేను చెవులు మూసుకున్నాను.

ఇప్పుడు మా వీధిలో పాలు పోసే ఆయనకి కూడా ప్లేట్‌లెట్లంటే ఏమిటో తెలుసు. జ్వరం తగ్గాకే జాగ్రత్తగా ఉండాలని నర్సు చీటీ మీద గుండ్రంగా గీసి మరీ చెబుతుంది. ఆ ఒక్క ముక్క ఆ రోజు మా ఇంట్లో ఎవరో ఒకరికి తెలిసి ఉంటే, పథ్యం పొయ్యి మీద వదిలేసి పొద్దున్నే బయలుదేరి ఉంటే, పంటు అవతల ఉన్నా ఇవతల ఉన్నా మాకు పట్టేది కాదేమో. మంచి చదువులు వచ్చాయి, వంతెనలు వచ్చాయి, సంతోషమే. నాకు కోపం కూడా వస్తుంది. ఆవిడ తర్వాత రావడం దేనికి ఇవన్నీ?

పెద్దకర్మ నాడు ఊరంతా వచ్చి వెళ్ళాక అబ్బులు వచ్చాడు. భోజనానికి రమ్మంటే రాలేదు. వాకిట్లోనే నిలబడి, తలపాగా గుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని, "బాబుగారూ, తప్పు నాదేనండి" అన్నాడు. ఎవరు చెప్పారు ఇతనికి? "అమ్మాయిగారి జరానికి రోజూ గెలలు గెలలు తెచ్చేనండి, బతికేరు. కోడలుగారి జరానికి వానకి బయపడి చెట్టెక్కలేదండి. రెండంటే రెండు తెచ్చేను. ఇంకో నాలుగు బొండాలు తల్లి కడుపులో పడుంటే బతికేదండి. పేణానికి బయపడి ఆ తల్లిని చంపేసేనండి" అని మట్టిలో కూలబడ్డాడు.

నాన్నగారు నోరు తెరిచారు. మామ్మ వైపు చూశారు. నిజం చెబితే ఆ బాధ పోతుంది, దానికంటే పెద్దది వస్తుంది. ఆయన మెట్లు దిగి వెళ్ళి అబ్బులు పక్కన మట్టిలోనే కూర్చున్నారు. ఆయన అలా కూర్చోవడం ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు. "లేదురా అబ్బులూ. దానికి నోటికి హితవైంది నువ్వు తెచ్చిన ఆ రెండే. చాలా బాగున్నాయంది" అన్నారు. "నిజమాండి?" అన్నాడు అబ్బులు. "ఆయ్, నిజం" అన్నారు నాన్నగారు. అబ్బులు నమ్మినట్టే తల ఊపాడు గానీ, నమ్మలేదు. తను తక్కువ తెచ్చాననే అనుకుంటూ బతికాడు, అలా అనుకుంటూనే పోయాడు.

అన్నయ్య కొన్నేళ్ళకి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. మంచి మనిషి ఆవిడ, నన్ను కన్నబిడ్డలా చూసింది. ఆవిడనీ వదినా అనే పిలిచాను. మా ఇంట్లో ఎవరికి కాస్త ఒళ్ళు వెచ్చబడినా అబ్బులుకి తెలిసిపోయేది. వాన అయినా, గాలి అయినా, ఆ వయసులో చెట్టెక్కి గెల మోసుకొచ్చేవాడు. కాలు జారి ఒకసారి చెయ్యి విరిగినా మానలేదు. మేం తాగేదాకా వాకిట్లోంచి కదిలేవాడు కాదు. వదిన పోయాక అన్నయ్య కొబ్బరినీళ్ళు ముట్టుకోలేదు, పెళ్ళిళ్ళలో ఇచ్చినా పక్కవాళ్ళకి ఇచ్చేసేవాడు. అబ్బులు వచ్చినప్పుడు మాత్రం గుమ్మంలోకి వచ్చి, బొండాం రెండు చేతులా పట్టుకుని, అతను చూస్తుండగా చివరి గుక్క దాకా తాగేవాడు.